గంటకెంత?

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ జీపీవో దాకా నడిచిపోవచ్చు. ఆ దారికి అటూ ఇటూ అల్లికకు కావలసినవన్నీ దొరుకుతాయి. బేగంబజార్‌లో టోకున నూలు, సుల్తాన్‌బజార్ సందుల్లో సూదులూ గుండీలూ, ఆదివారం పూట అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు, జనవరి 1 నుంచి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్. క్రోషియా డిజైన్లు చేసి, క్లాసులు చెప్పి, దాని మీదే బతకాలని చూసే ఆడపిల్లలు ఇప్పుడు ఈ ఊళ్లో ఉన్నారు. ఆ బతుకు నిలబడుతుందా అంటే నాకు తోచే జవాబులు రెండు. ఒకదానికొకటి పొసగవు. అయినా దేన్నీ వదులుకోలేను. అందుకే రెండు గొంతులకు పంచి ఇచ్చాను. ఒకరు నరసాపురంలో లేసు ఎగుమతి ఆఫీసులో పద్దులు రాసి రిటైరైన పెద్దమ్మ. ఇంకొకరు అబిడ్స్ చాపెల్ రోడ్డు వైపు మేడ మీద గది అద్దెకు తీసుకుని క్రోషియా నేర్పుతున్న ఆమె చెల్లెలి కూతురు. మనుషులు నా కల్పన. వాళ్లు వాదించుకునే సంగతులు నిజం.

పెద్దమ్మ: ఉద్యోగం మానేశావు, సరే. మానేసి ఏం చేస్తోంది అని చుట్టాలు అడిగితే మీ అమ్మ నీళ్లు నమిలింది. మన వైపు లేసు అల్లడమంటే ఏమిటో నీకు ఎవరూ చెప్పలేదా? కూలి పని. కూలి అని ఎవరూ ఒప్పుకోని కూలి పని.

అమ్మాయి: నేను లేసు అల్లి అమ్మడం లేదు పెద్దమ్మా. డిజైన్ చేస్తున్నాను. అది ఇంకొకరు చూసి అల్లుకునేలా కాగితం మీద పెట్టి, ఆ కాగితం, అంటే ప్యాటర్న్, అమ్ముతున్నాను. రానివాళ్లకు నేర్పుతున్నాను.

పెద్దమ్మ: ఈ మాట కొత్తదనుకుంటున్నావా? మా ఊళ్లకు లేసు వచ్చిందే నేర్పడానికి వచ్చినవాళ్లతో. 1844లో మెక్‌రే దంపతులని మిషనరీలు గోదావరి ఒడ్డున మొదలుపెట్టారని చెబుతారు. మీ తెలంగాణలోనూ ఉంది, భద్రాచలం పక్క దుమ్ముగూడెంలో చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్లు లేసు అల్లించి ఇంగ్లండుకు పంపేవారు. మొదట క్రైస్తవంలో చేరిన దళిత స్త్రీలకు నేర్పారు. తరవాత గడప దాటని కాపు ఇళ్ల ఆడవాళ్ల దాకా పాకింది. నేర్పినవాళ్లు దయగలవాళ్లే, కాదనను. కానీ ఆ నేర్పు మీద లేచిన మేడలు ఎవరివో వెళ్లి చూడు. అల్లినవాళ్లవి కావు.

అమ్మాయి: మేడలు ఎగుమతిదారులవి.

పెద్దమ్మ: వాళ్ల ఆఫీసులోనే నేను పద్దులు రాశాను. మరియా మీస్ అని జర్మనీ ఆవిడ 1970ల చివర్లో మా చుట్టుపక్కల ఊళ్లు తిరిగింది. అల్లేవాళ్ల పక్కన కూర్చుని, ఎన్ని గంటలు అల్లుతున్నారు, ఎంత వస్తోంది అని రాసుకుంది. 1982లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది, పేరు ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లితే చేతికి వచ్చింది రూపాయి కూడా కాదు. ఆ కాలానికీ అది కూలి కాదు. రేటు ఒక్కటే అయితే కొంత పెంచి సరిపెట్టవచ్చు. ఆవిడ పట్టుకున్నది ఇంకోటి. వీళ్లను పనివాళ్లని ఎవరూ అనలేదు, వాళ్లూ అనుకోలేదు. ఇల్లాలు, ఖాళీ ఉన్నప్పుడు అల్లుకుంటుంది, అంతే. పనే కాదన్నాక కూలి పెంచమని ఎవరడుగుతారు? ఇప్పుడు నీ ఊళ్లో క్లాసుల బోర్డులు చూడు. ‘ఇంట్లో కూర్చుని, ఖాళీ సమయంలో సంపాదించండి.’ మా ఏజెంట్లు గడప గడపకూ తిరిగి చెప్పింది ఆ మాటే.

అమ్మాయి: నా బోర్డు మీద ఆ మాట లేదు.

పెద్దమ్మ: నీ బోర్డు మీద లేకపోవచ్చు. నీ దగ్గరికి వచ్చేవాళ్ల మనసులో ఉంది.

అమ్మాయి: ఉంటుంది. అయితే లేసు చరిత్రలోనే నా జవాబు కూడా ఉంది. ఐర్లండ్‌లో 1840ల్లో బంగాళదుంప తెగులుకి కరువు వచ్చినప్పుడు వేల ఇళ్లలో ఆడవాళ్లు క్రోషియా లేసు అల్లి పిల్లల్ని బతికించుకున్నారు. అదే కాలంలో లండన్‌లో ఎలియనోర్ రీగో అనే ఆవిడ క్రోషియా డిజైన్లను వరస వరసనా మాటల్లో పెట్టి పుస్తకాలు వేసింది. 1851 మహా ప్రదర్శనలో పతకం అందుకుంది. అల్లికకే పరిమితమైన ఆడదానికి పేరు రాలేదు. రాసినామెకు వచ్చింది. నేను రాసేవైపు ఉండాలనుకున్నాను, అందులో తప్పేముంది?

పెద్దమ్మ: తప్పు అనలేదు. వేలమంది అల్లారు, ఒక్క పేరు మిగిలింది అని నువ్వే చెప్పి, ఆ ఒక్కదాన్నీ నేనవుతానంటున్నావు. మిగతా వేలమంది సంగతి నేను అడుగుతున్నాను.

ఈ చోట నేను పెద్దమ్మ వైపు మొగ్గుతాను. అయితే డిజైన్ అనేది ఊరికే వచ్చేది కాదని, దాని వెనక బుద్ధి ఎంత పని చేస్తుందో చూడకుండా తీర్పు చెప్పడం కూడా అన్యాయమే. ఆ సంగతి అమ్మాయి చేత చూపించాలి.

పెద్దమ్మ: అసలు డిజైన్‌లో నువ్వు చేసేదేమిటి? పైనాపిల్ నమూనా నీది కాదు. సాలెగూడు నమూనా నీది కాదు. మా అమ్మ కళ్లు మూసుకుని వేసేది.

అమ్మాయి: కూర్చో, ఒక్క ముక్క అల్లి చూపిస్తాను. మధ్యలో రింగు వేశాను, దాంట్లో 6 సింగిల్ కుట్లు. రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 12. మూడో వరసకు 18, నాలుగుకు 24. వరసకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే ముక్క బల్ల మీద చదునుగా పడుకుంటుంది. ఆరుకు బదులు నాలుగే పెంచాననుకో, అంచు పైకి లేచి గిన్నెలా అవుతుంది. తొమ్మిది పెంచితే అంచుకి చోటు చాలక ముడతలు పడుతుంది. ఆరే ఎందుకు? కుట్టు ఎంత వెడల్పో దాదాపు అంతే ఎత్తు ఉంటుంది కాబట్టి. వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టు పెరిగితే చుట్టుకొలత ఆరుంపావు కుట్లు పెరుగుతుంది, మనం బళ్లో చదివిన లెక్కే. డబుల్ కుట్టు ఇంచుమించు రెండింతలు పొడుగు, అందుకని దానికి వరసకు 12.

పెద్దమ్మ: ఈ ఆరు లెక్క మా వీధిలో ఎనిమిదేళ్ల పిల్లకు తెలుసు.

అమ్మాయి: ఆ పిల్ల చేతికి తెలుసు. ఆ చెయ్యి ఎందుకలా పోతోందో తెలిసినప్పుడు ఇంకా ఏమేం చేయొచ్చో విను. 1997లో కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమినా అని లాట్వియా నుంచి వచ్చిన లెక్కల టీచరు, హైపర్‌బోలిక్ తలం అనే ఒక జ్యామితి రూపాన్ని విద్యార్థులకు చేత్తో పట్టుకుని చూపించాలనుకుంది. కాగితం నమూనాలు చిరిగిపోతున్నాయి. సూది తీసి, పెంపు ఒక పద్ధతిలో ఆపకుండా వేసుకుంటూ పోయింది. ఆ ముడతలే ఆమెకు కావలసిన తలం. తప్పుగా పెరిగింది అని మీరు విప్పేసే ముక్క అన్నమాట. 2005లో లాస్ ఏంజలెస్‌లో మార్గరెట్, క్రిస్టీన్ వెర్ట్‌హైమ్ అనే అక్కాచెల్లెళ్లు ఆ ముడతలతోనే పగడపు దిబ్బ అల్లడం మొదలుపెట్టారు. దేశదేశాల ఆడవాళ్లు వచ్చి చేరారు.

పెద్దమ్మ: కార్నెల్ చెప్పేదాకా మా ముడతలు లెక్క కాదా?

అమ్మాయి: లెక్కేనని చెప్పినందుకే టైమినా అంటే నాకు గౌరవం. నువ్వు అడిగింది డిజైన్‌లో ఏం చేస్తావని కదా. ఒక బ్లౌజు డిజైన్ తీసుకో. నా చేతి బిగువు ఒకటి, నా పక్క కూర్చున్నామె బిగువు ఒకటి. అదే నూలు, అదే సూది, అయినా 10 సెంటీమీటర్లలో నాకు 22 కుట్లు పడితే ఆమెకు 19. అందుకని ముందు చిన్న చదరం అల్లించి కొలవమనాలి, తేడా వస్తే సూది నంబరు మార్చమనాలి. 32 నుంచి 44 దాకా ప్రతి సైజుకీ కుట్లు లెక్కకట్టాలి. పైనాపిల్ ఒకటికి 14 కుట్లు కావాలంటే ఆ సైజులన్నీ పద్నాలుగుతో భాగం పోవు. మిగిలిన మూడు నాలుగు కుట్లను చంక దగ్గర ఎలా దాచాలో, భుజం దగ్గర ఎలా సర్దాలో, అక్కడుంది నా పని. కొత్త నూలు నీళ్లలో కుంచించుకుపోతుంది. అది కూడా ముందే తడిపి కొలిచి చూడాలి. ఇదంతా అయ్యాక రాయడం. అమెరికావాళ్లు డబుల్ అనేదాన్ని ఇంగ్లండ్‌వాళ్లు ట్రెబుల్ అంటారు. మాటల్లో రాస్తే ఎవరో ఒకరికి బ్లౌజు పొట్టిదవుతుంది. అందుకే జపాన్‌వాళ్ల పద్ధతిలో గుర్తుల పటం గీస్తాను. గొలుసుకు చిన్న సున్న, సింగిల్‌కి కూడిక గుర్తు, డబుల్‌కి అడ్డగీత ఉన్న నిలువు గీత. నా గదిలో తెలుగు, ఉర్దూ, మార్వాడీ మాట్లాడేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. పటం చదవడం వచ్చాక నన్ను ఎవరూ ఏమీ అడగక్కర్లేదు. పెద్దమ్మా, మీ దగ్గర అల్లినవాళ్లకు పటం చూపించేవారా?

పెద్దమ్మ: లేదు. ముక్క చూపించేవాళ్లం. శాంపిల్ చూసి అల్లేవాళ్లు.

అమ్మాయి: చూశావా. శాంపిల్ పుస్తకం ఆఫీసు బీరువాలో, అల్లేచెయ్యి ఊళ్లో. రెండూ కలవకుండా చూసుకున్నారు. పటం చదవగలిగితే ఆ ఆడమనిషి పాత పుస్తకం తెచ్చుకుని, కావలసినదల్లా అల్లి నేరుగా అమ్ముకుని ఉండేది. నేను నేర్పేది అది.

ఇక్కడ పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదనుకోవాలి. నరసాపురంలో పని ఎలా ముక్కలైందో ఆమెకు బాగా తెలుసు. ఒక ఇంట్లో పూలు, రేకులు అల్లేవారు, అది చేతిపని. ఇంకో ఇంట్లో ఆ ముక్కల్ని కలిపి టేబుల్ గుడ్డ చేసేవారు, అది అతుకుపని. పూలు అల్లినామెకు గుడ్డ చివరికి ఎలా ఉందో తెలియకుండానే ఏళ్లు గడిచేవి. పని విడగొట్టినకొద్దీ నేర్పు చిన్నదవుతుంది, రేటు చెప్పే హక్కు ఏజెంటు దగ్గరకు పోతుంది. అమ్మాయి మాటలో ఈ పాయింటు నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపిస్తుంది.

పెద్దమ్మ: సరే, పటం విషయం ఒప్పుకున్నాను. ఇప్పుడు పద్దు చూపించు.

అమ్మాయి: నెలకు రెండు బ్యాచులు. బ్యాచుకు ఎనిమిదిమంది. మనిషికి 3,000. మొత్తం 48,000. అద్దె, కరెంటు, నేర్చుకునేవాళ్లకిచ్చే నూలు, సూదులు పోను 27,000 దాకా మిగులుతుంది. ప్యాటర్న్‌ల మీద ఒక నెల 4,000, ఒక నెల 15,000. అల్లి ఇచ్చే ఆర్డర్లు తీసుకోను, పెళ్లిళ్ల సీజన్‌లో తప్ప.

పెద్దమ్మ: అంటే నిన్ను పోషిస్తున్నది నేర్పడం. డిజైన్ కాదు. ప్రతినెలా పదహారుమంది కొత్తవాళ్లు రావాలి. నేర్చుకుని బయటికి వెళ్లినవాళ్లలో పదిమంది కీచైన్లూ, నూలు పూల బొకేలూ అల్లి అమ్మడానికి కూర్చుంటారు. ఒకే వీధిలో అందరూ ఒకే పువ్వు అల్లితే ధర ఏమవుతుంది? నా ముందు జరిగింది అదే. అల్లేవాళ్లు ఎక్కువైనకొద్దీ ఏజెంటు రేటు దించాడు. నువ్వు దించవు. నువ్వు తయారుచేసినవాళ్లే ఒకరిది ఒకరు దించుకుంటారు.

అమ్మాయి: అమ్ముకోవడానికే వచ్చేవాళ్లు నా దగ్గర తక్కువ. బ్యాంకులో రిటైరైనవాళ్లు వస్తారు, కడుపుతో ఉన్నవాళ్లు వస్తారు, ఫోన్ పక్కన పెట్టి చేతులకు ఏదో పని కావాలని ఐటీ పిల్లలు వస్తారు. వాళ్లకు నేను అమ్మేది సంపాదన ఆశ కాదు. వీణ నేర్చుకునేవాళ్లందరూ కచేరీలు చేస్తారా?

పెద్దమ్మ: వీణ నేర్చుకునేవాళ్లకు కచేరీతో ఇల్లు నడుస్తుందని ఎవరూ చెప్పరు. మిగిలినవాళ్ల సంగతి చెప్పు. మొగుడి జీతం చాలక, బయట ఉద్యోగానికి పంపకపోతే, ఇది నేర్చుకుంటే నాలుగు డబ్బులొస్తాయని వచ్చేవాళ్లు. వాళ్లకేం చెబుతావు?

అమ్మాయి: మొదటిరోజే చెబుతాను. పసిపిల్లల బూట్లు ఒక జత మూడు గంటలనుకోండి. గంటకు 100 అనుకున్నా 300, నూలు వేరే. బజార్లో 350కి అమ్ముడవుతుందా? అవుతుందంటే అల్లండి. కాదంటే ఆ వస్తువు వదిలేసి ఇంకోటి చూడండి, గంట రేటు మాత్రం తగ్గించకండి. వేగంగా అల్లితే వస్తుందని కూడా చెప్పను. క్రోషియాను చేతిలాగే అల్లే యంత్రం బజార్లోకి ఇంకా రాలేదు. మాల్‌లో చవగ్గా దొరికే క్రోషియా టాప్ వెనక కూడా ఎవరో ఒక చెయ్యి ఉంది, దానికి ఎంత ముట్టిందో ఆ ధరే చెబుతుంది. ఆ ధరతో పోటీ పడొద్దంటాను.

పెద్దమ్మ: ఈ మాట చెప్పాక ఎంతమంది ఉంటారు?

అమ్మాయి: ఇద్దరు ముగ్గురు రెండో రోజు రారు. మిగిలినవాళ్లకు తర్వాత ధరలు కట్టడం నేర్పుతాను, బిల్లు రాయడం నేర్పుతాను.

పెద్దమ్మ: ఇది బాగుంది. ఇది బోర్డు మీద పెట్టు. ఇప్పుడు నాకు అర్థం కానిది ఒకటి. నీ డిజైన్ అమ్మకానికి పెట్టేముందు ఎవరిచేతో అల్లించి చూస్తావు కదా, వాళ్లనేమంటారు?

అమ్మాయి: టెస్టర్లు.

పెద్దమ్మ: వాళ్లకెంత ఇస్తావు?

అమ్మాయి: ప్యాటర్న్ ఉచితంగా ఇస్తాను. నా పేజీలో వాళ్ల ఫొటో, పేరు వేస్తాను. ప్రపంచమంతా ఇదే పద్ధతి పెద్దమ్మా. నేనూ టెస్టర్‌గానే మొదలుపెట్టాను. బలవంతమేమీ లేదు, ఇష్టపడి వస్తారు.

పెద్దమ్మ: నరసాపురంలోనూ బలవంతం లేదు. ఎవరి ఇంటికీ పోలీసులొచ్చి సూది చేతికివ్వలేదు. బ్లౌజు అల్లడానికి ఎన్ని గంటలు?

అమ్మాయి: ఇరవై అయిదు.

పెద్దమ్మ: గంటకు 100 అని క్లాసులో నువ్వే చెబుతావు. ఇరవై అయిదు గంటలకు 2,500. టెస్టర్లు అయిదుగురు అనుకుందాం. 12,500. ఆ డబ్బు నువ్వు ఇవ్వలేదు కాబట్టి వాళ్లు నీకు ఇచ్చారు. పద్దులో ఇంకో విధంగా రాయడం నాకు రాదు.

అమ్మాయి: ప్యాటర్న్ ఒకటి 300కి అమ్ముతాను. వాళ్లకివ్వాలంటే 42 కాపీలు అమ్ముడయ్యేదాకా నాకు పైసా మిగలదు. కొన్ని డిజైన్లు 42 పోవు.

పెద్దమ్మ: 42 పోవనుకున్న డిజైన్‌కి ఎవరి ఇరవై అయిదు గంటలూ అడగకు. నువ్వే అల్లుకుని చూసుకో.

అమ్మాయి: అలాగైతే కొత్తగా డిజైన్‌లోకి వచ్చే పిల్ల ఒక్కటీ నిలబడదు. పెట్టుబడి ఉన్నవాళ్లకే ఈ పని దక్కుతుంది. నీ న్యాయం పేదదాని మీదే పడుతుంది.

పెద్దమ్మ: పెట్టుబడి లేనప్పుడు చిన్న డిజైన్ చెయ్యి. కాలరు చెయ్యి, పర్సు చెయ్యి. మూడు గంటల పని. ముగ్గురికి ఇచ్చినా వెయ్యి లోపు. బ్లౌజు తర్వాత. అమ్మడూ, కళ దగ్గర డబ్బు మాటేమిటని మీవాళ్లు అంటారు చూడు, ఆ మాట ఎప్పుడూ డబ్బు ఇవ్వవలసినవాళ్లే అంటారు.

ఈ వాదంలో అమ్మాయి చివరి మాటకు బలముంది. జీతం లేని నెలలు భరించగలవాళ్లే సృజన అనే పనుల్లో మిగులుతారు, అది కథలు రాసేవాళ్లకీ బొమ్మలు వేసేవాళ్లకీ తెలిసిందే. అయినా పెద్దమ్మ లెక్క కొట్టివేయలేను. జీతం లేని గంటలు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరి మీద పడతాయి. అవి నేర్చుకుంటున్న ఆడవాళ్ల మీదే పడాలా?

అమ్మాయి: నా వైపు నుంచి పోయేది కూడా చూడు. క్లాసుకొచ్చిన ఒకామె నా ప్యాటర్న్ పీడీఎఫ్ కొంటుంది, సాయంత్రానికి మూడు వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. అడిగితే పైనాపిల్ మీ తాతదా అంటారు.

పెద్దమ్మ: పైనాపిల్ నీ తాతది కాదు కదా.

అమ్మాయి: పైనాపిల్ నాదని నేననలేదు. చట్టం కూడా అలా విడదీసే చూస్తుంది. కుట్టు ఎవరిదీ కాదు. నేను రాసిన వివరం, గీసిన పటం నావి. 1957 కాపీరైటు చట్టం కింద అవి రాసిన రోజు నుంచే నావి, రిజిస్టరు చేయించక్కర్లేదు. తయారైన వస్తువు రూపం సంగతి వేరు, అది 2000 నాటి డిజైన్ల చట్టంలోకి వస్తుంది. రిజిస్టరు చేయిస్తే పదేళ్లు, ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. రిజిస్టరు చేయించగలిగిన డిజైన్‌ని చేయించకుండా ఫ్యాక్టరీ పద్ధతిలో యాభైకి మించి తయారుచేస్తే దాని మీద కాపీరైటు పోతుంది. నేను అడిగేది పెద్ద రక్షణ కాదు, నా ఆరు వారాల లెక్కను 300కి కొనుక్కోండి అని. ఒక్కరు కొని అందరికీ పంచితే ఆ ఆరు వారాలు ఉచితంగా లాక్కున్నట్టే. నువ్వు టెస్టర్ల పక్షాన చెప్పిన న్యాయమే నాకూ వర్తించాలి.

పెద్దమ్మ: వర్తిస్తుంది. అయితే మా ఊళ్లో శాంపిల్ పుస్తకాల్లో వందల డిజైన్లు ఎవరు కనిపెట్టారు? అల్లేవాళ్లే. ఒకామె మూల తిప్పే పద్ధతి మార్చేది, అందంగా ఉందని ఆఫీసు దాన్ని నంబరు వేసి పుస్తకంలో అంటించుకునేది. ఆ నంబర్లు నా చేత్తో రాశాను. నంబరు పక్కన పేరు రాసే గడి లేదు. నీకున్న చట్టం వాళ్లకూ ఉంది, చెప్పినవాళ్లే లేరు.

అమ్మాయి: 2024లో నరసాపురం క్రోషియా లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా.

పెద్దమ్మ: వచ్చింది, సంతోషమే. చైనా సరుకు మీద నరసాపురం పేరు వేయకుండా ఆపుతుంది. నువ్వు కూడా ఈ అబిడ్స్ గదిలో అల్లినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు.

అమ్మాయి: అమ్మను.

పెద్దమ్మ: కానీ అది ఊరికి ఇచ్చిన పేరు. మనిషికి ఇచ్చిన కూలి కాదు. 2023లో చేతివృత్తులవాళ్లకు విశ్వకర్మ పథకం పెట్టారు, 18 వృత్తులు. దర్జీ ఉన్నాడు, చేపల వల అల్లేవాడు ఉన్నాడు. లేసు అల్లే ఆడమనిషి లేదు. వల అల్లిక వృత్తి అయినప్పుడు లేసు అల్లిక ఎందుకు కాలేదు? ఇంట్లో చేసేది కాబట్టి. మళ్లీ మొదటికే వచ్చాం.

అమ్మాయి: ఇది వృత్తి అని గట్టిగా చెప్పేవాళ్లు లేకనే కదా. నా గది బోర్డు చెబుతున్నది అదే. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నుమాయిష్ సంగతే తీసుకో. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక సరుకులకు పది రోజుల ప్రదర్శనగా మొదలైంది. 1946లో ఇప్పటి చోటికి మారింది. ఇప్పుడు ఫిబ్రవరి 15 దాకా 46 రోజులు. ఆ ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ ఆవరణలోనే ఉంది, దుస్తుల తయారీ డిప్లొమా ఉంది. అమ్మకం, చదువు ఒకే ప్రాంగణంలో. క్రోషియా కూడా అలాంటి చోట ఒక సబ్జెక్టు కావాలి, పటం గీయడం, ధర కట్టడం, కాపీరైటుతో సహా. అంతవరకు నా మేడ గదే బడి.

పెద్దమ్మ: నేను ఉద్యోగం చేసే రోజుల్లో నరసాపురం ఎక్స్‌ప్రెస్ నాంపల్లి దాకా వచ్చేది. తెల్లవారి దిగి, స్నానం చేసి, నుమాయిష్‌కి వెళ్లేవాళ్లం. కశ్మీరు శాలువా దుకాణంలో అతను బల్ల మీద శాలువా పరిచి, ఇది ఎన్ని నెలలు కుట్టారో చెప్పి గానీ ధర చెప్పేవాడు కాదు. మావాళ్లు లేసు గుడ్డ అమ్మితే సైజు చెప్పేవారు. నెలలు చెప్పేవారు కాదు. అప్పట్లో నాకది తట్టలేదు.

అమ్మాయి: నేను ఈసారి చెప్పదలచుకున్నాను. నా తరవాతి డిజైన్ ఒక బ్లౌజు యోక్, సన్న నూలుతో. చిన్న పూలు 36, వాటిని కలిపే పని ఇక్కడ ఎవరికీ అంత శుభ్రంగా రాదు. మీ వీధిలో అతుకుపని చేసేవాళ్లు ఇద్దరు కావాలి. శాంపిల్ వాళ్లచేతే అల్లించి, వాళ్లు కలిపిన పద్ధతినే పటంలో గీస్తాను.

పెద్దమ్మ: ఉన్నారు. నా షరతులు విను. ముక్కకింత అనకూడదు, గంటకింత అనాలి. నూలు డబ్బు ముందు పంపాలి. పటం మీద అతుకు పద్ధతి ఫలానావారిది అని ఇద్దరి పేర్లూ ఇంటిపేర్లతో సహా ఉండాలి. ఆ ప్యాటర్న్ అమ్ముడైనంతకాలం వాళ్లకు వాటా ఉండాలి. సన్న నూలంటున్నావు, ఇద్దరికీ యాభై దాటాయి. పని మొదలయ్యేముందు కళ్లు పరీక్ష చేయించి కళ్లజోళ్లు కొనాలి, అది నీ ఖర్చు.

అమ్మాయి: వాటా ఎంత?

పెద్దమ్మ: నువ్వు చెప్పు.

అమ్మాయి: ప్యాటర్న్‌కి 300లో ఇద్దరికీ కలిపి 60. పటం గీయడం, సైజులు కట్టడం, అమ్మడం నావి.

పెద్దమ్మ: 90. గంటల కూలి కాకుండా.

అమ్మాయి: 90 అంటే టెస్టర్లకు ఇవ్వడానికి నా దగ్గర ఉండదు. నువ్వే ఇవ్వమన్నావు.

పెద్దమ్మ: అయితే 75. ప్యాటర్న్ ధర 350 చెయ్యి, కొనేవాళ్లకు ఎందుకో చెప్పు. గంటల పుస్తకం అక్కడ నేను రాస్తాను, నెలాఖరుకి ఫొటో తీసి పంపుతాను. నీ గంటలు కూడా రాయి. క్లాసులో చెప్పేవి, పటం గీసేవి, విడివిడిగా. మూడు నెలలయ్యాక చూస్తే ఏది నిన్ను పోషిస్తోందో నీకే తెలుస్తుంది.

అమ్మాయి: 350కి కొంటారా అన్నది నాకు అనుమానమే పెద్దమ్మా. కానీ పేర్ల సంగతి ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. స్పెల్లింగులు సరిగ్గా కనుక్కుని పంపు.